రంగులమెట్ట మన్ను కొండ దిగరాదు

మా రంగులమెట్ట చూడాలనుకునేవాళ్ళు నిక్షేపంగా రావచ్చు. ఘాటీ రోడ్డు చివరి మలుపు తిరగ్గానే పచ్చరంగు గేటు కనిపిస్తుంది. అక్కడ మీ కాళ్ళు కడుగుతారు. తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ కడుగుతారు. వచ్చేటప్పుడు కడిగేది మీ ఊరి దుమ్ము మా కొండ మీద పడకుండా, వెళ్ళేటప్పుడు కడిగేది మా ఊరి దుమ్ము మీ వెంట పోకుండా. ఎవరి దుమ్ము వాళ్ళకుండాలని ప్రభుత్వంవారి ఉద్దేశం. విన్నవాళ్ళకి న్యాయంగానే ఉంటుంది. మాకూ మొదట్లో అలాగే ఉండేది.

మా ఊరు కొండ నెత్తిన ఉంటుంది. తెల్లారేసరికి కింద పారే గెడ్డంతా మంచు కప్పుకుని పడుకుంటుంది. ఎండ ఎక్కాక చూడాలి మా చరియ అందం. అడుగున ఎర్రటి జేగురు, దాని మీద పసుపు, ఆ పైన ముదర నేరేడు రంగు, ఆ పైన తెల్ల సుద్ద, సందుల్లో అక్కడక్కడ గులాబీ. సంతలో బట్టలకొట్టు చలమయ్య చీరలు మడతపెట్టి పేర్చినట్టుంటుంది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం కాబట్టి మాకది మన్ను. దానితోనే నట్టిల్లు అలుకుతాం, గోడలు పూస్తాం, అరుగు అంచులు దిద్దుతాం. పిల్లలు అందులోనే దొర్లి ఏ రంగు గుంతలో ఆడారో ఆ రంగులో ఇంటికి వస్తారు. తల్లులకు వెతుక్కునే పని ఉండదు.

ఇంకొకటి చెప్పాలి. మా ఊరి ఆడపిల్ల పెళ్ళప్పుడు కొత్త కుండలో పుట్టింటి మన్ను పట్టుకుని అత్తవారింటికి వెళ్తుంది. ఆ మన్నుతో అక్కడ తన చేత్తో పొయ్యి వేస్తుంది. ఆ పొయ్యి మీద పాలు పొంగిన తరవాతే అది ఆ పిల్ల ఇల్లు. అంతవరకూ అక్కడ చుట్టమే, పీట వేసి కూర్చోబెడతారు తప్ప గిన్నె ముట్టుకోనివ్వరు. ఇప్పుడు అందరిళ్ళలోనూ గ్యాసుపొయ్యిలున్నాయి. ఉంటే ఉన్నాయి, వాటి మీద టీ పెట్టుకుంటారు. మా మేనత్త కుండ రైలెక్కి రాయగడ వెళ్ళింది. రైల్లో ఎవరో అందులో నెయ్యి ఉందనుకుని దారి పొడుగునా ఆవిడకి చోటిచ్చి మర్యాద చేశారట. నేను ఈ ఊళ్ళో పుట్టి పక్క వీధిలోకి మెట్టిన దాన్ని. అయినా సరే, కుండ నెత్తిన పెట్టుకుని ఆ వీధి దాటడానికి ఊరంతా చుట్టి వెళ్ళాను. దూరం చాలకపోతే పుట్టింటివాళ్ళకి ఏడవడానికి వీలుండదు కదా.

మా మనవరాలు గౌరీశ్వరికి కింద గెడ్డ దాటాక ఉన్న నీలాటివలసలో సంబంధం కుదిరింది. పిల్లాడు తవిటినాయుడు, ట్రాక్టర్లు బాగుచేస్తాడు. చేతులు ఎప్పుడూ నల్లగా ఉంటాయి, మనసు తెలుపు. వైశాఖంలో ముహూర్తం పెట్టుకున్నాం. దానికి ముందు మాఘంలోనే మా కొండకు పేరొచ్చిపడింది.

పేరెలా వచ్చిందంటే, పట్నం నుంచి ఒక జంట పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకోవడానికి వచ్చారు. ఆ పిల్ల తెల్లగౌను వేసుకుని చరియ మీద నుంచి జారింది. జారినంతమేరా గౌను మీద అన్ని రంగులూ పట్టాయి. ఏడుస్తుందేమోనని నేను మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తాను. అది నవ్వుతూ మళ్ళీ పైకెక్కి మళ్ళీ జారింది. ఆ బొమ్మ ఫోన్లలో పడి ఎక్కడెక్కడికో పోయింది. ఆ మర్నాటి నుంచి బస్సులు, కార్లు, మోటారు సైకిళ్ళు. అందరూ తెల్లబట్టలే. అందరూ జారడమే. పోయేటప్పుడు గాజు సీసాల్లో తలో రంగూ పొరలు పొరలుగా పోసుకుని పోయేవారు. మేము సీసాలు అమ్మాం, చిలగడదుంపలు ఉడకబెట్టి అమ్మాం, బాగానే ఉండేది.

అప్పుడు దిగారు వర్ణమృత్తికా పరిరక్షణ మండలివారు. మండలికి ప్రత్యేకాధికారి విద్యాధర్ గారు. మనిషి మంచివాడే, అబద్ధమెందుకూ. సన్నగా, ఇస్త్రీ చెడకుండా, మాట మాటకీ కళ్ళజోడు సర్దుకుంటూ ఉంటాడు. చేతిలో ఒక రంగుల అట్ట ఉండేది. మా కొండలో ఉన్న రంగులన్నీ దాని మీద గళ్ళు గళ్ళుగా అచ్చు వేయించి, ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టారు. మేము జేగురు అనేది అందులో 'ప్రథమ శ్రేణి అరుణ మృత్తిక'. ఆ పేరు విన్నాక దాన్ని తొక్కాలంటే నాకే కాళ్ళాడలేదు.

బడి వరండాలో ఊరందరినీ కూర్చోబెట్టి ఆయన మాట్లాడారు. ఈ మన్ను జాతి సంపద అన్నారు. కోట్ల సంవత్సరాల నుంచి ప్రకృతి మన కోసం పేర్చి పెట్టిందన్నారు. ఇంతవరకూ చప్పట్లు కొట్టాం. చివర్లో నిబంధన చదివారు: "గుర్తింపు పొందిన వర్ణములు గల మృత్తిక ఏ రూపమున గాని, ఏ పరిమాణమున గాని, ఏ కారణమున గాని, కొండ సరిహద్దు దాటరాదు."

మా బడి పంతులు దానికి కూడా చప్పట్లు కొట్టాడు. మా గౌరి లేచి నిలబడి పెళ్ళికూతురి కుండ సంగతి అడిగింది. విద్యాధర్ గారు చాలా శ్రద్ధగా విన్నారు. ఇది గొప్ప సంప్రదాయమనీ, తప్పకుండా పరిరక్షించాలనీ, దీని మీద ఒక చిన్న చలనచిత్రం తీయిస్తామనీ చెప్పారు.

"అయితే పట్టుకెల్లొచ్చా బాబూ?" అంది గౌరి.

"సంప్రదాయం కొనసాగించవచ్చమ్మా," అన్నారాయన. "మన్ను మాత్రం తీసుకెళ్ళకూడదు."

గౌరి కూర్చుంది. ఇంటికొచ్చాక ఒక్క మాటే చెప్పింది. "మన్ను రాకపోతే నానూ ఎల్లను అమ్మమ్మా. చుట్టంలా ఎల్లి పీట మీద కూకోడానికి నాకు పెళ్ళెందుకు?"

మా ఊరి పిల్లలంతే, మాటంటే మాట. నచ్చజెప్పడానికి వచ్చిన ముత్తైదువలే దాని మాట విని, కళ్ళు తుడుచుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

గేటు కట్టారు. కాళ్ళు కడగడానికి మావాడే ఒకణ్ణి పెట్టారు. వాడి పేరు చిన్నప్పడు, వరసకి నాకు చెల్లెలి కొడుకు. ఖాకీ చొక్కా, ఈల, కొబ్బరిపీచు బ్రష్షు ఇచ్చారు. మొదట్లో పాపం సిగ్గుపడేవాడు. తరవాత చూద్దును కదా, వచ్చినవాళ్ళకి ఆ కాళ్ళు కడిగించుకోవడమే వేడుకయిపోయింది. కొండ చూడకుండా కాళ్ళు మాత్రం కడిగించుకుని ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉండేవారు. వాళ్ళకి రెండో కడుగు ఎందుకని చిన్నప్పడు అడిగితే, నిబంధన నిబంధనేనన్నారు. పాపం, తడికాళ్ళు తుడిచి మళ్ళీ తడిపేవాడు.

నిబంధన అంటే దాన్ని ఒకచోట ఆపడం కష్టం. కాళ్ళు కడిగినప్పుడు చెప్పులు ఎందుకు వదలాలి? చెప్పులు కడిగారు. చెప్పులైనప్పుడు బస్సు చక్రాలేం పాపం చేశాయి? బస్సు చక్రాలు కడిగేసరికి మధ్యాహ్నం బస్సు సాయంత్రానికి దిగేది, సాయంత్రం బస్సు ఎప్పుడు దిగేదో డ్రైవరుకే తెలీదు. మేకలు కిందికి మేతకి వెళ్ళేటప్పుడు డెక్కలు కడగాలన్నారు. మేక కాలు పట్టుకుని చూడండి ఎప్పుడైనా, దానికి మర్యాద తెలీదు. మా దుంపలు సంతకి వెళ్ళాలంటే తొక్కతీసి వెళ్ళాలన్నారు. తొక్కతీసిన దుంప సంతకి చేరేసరికి నల్లబడిపోయేది. "నల్లబడ్డది కింద కదా, అది మా పరిధి కాదు," అన్నారు మండలివారు.

చరియ మీద కూర్చుని లేచిన ఒకాయన ప్యాంటుకి వెనక పెద్ద పసుపు మచ్చ పట్టింది. బ్రష్షుతో తుడిస్తే పోలేదు. చిన్నప్పడు ఈల ఊదాడు. ప్యాంటు ఇక్కడ వదిలి వెళ్ళమన్నారు. మా అబ్బాయి ముత్యాలు తన లుంగీ ఇచ్చి పంపించాడు. ఆ ప్యాంటు ఇప్పటికీ మండలి ఆఫీసులో తీగ మీద వేలాడుతోంది. అటు వెళ్ళినప్పుడల్లా చూస్తాను, బట్ట మంచిది.

ఇదంతా ఇలా ఉండగా మా వియ్యాలవారి పెద్దావిడ, అంటే తవిటినాయుడి నానమ్మ వరాలమ్మ వదిన, సంగతి తేల్చుకోవడానికి కొండెక్కి వచ్చింది. కాళ్ళు కడగనిచ్చింది గానీ, చిన్నప్పణ్ణి ఊరుకోనివ్వలేదు. మడమ సరిగ్గా తోమలేదని మళ్ళీ తోమించుకుంది. పైకొచ్చి అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించి అసలు మాట ఎత్తింది.

"మా ఇంట కోడలెవరూ పొయ్యెయ్యకుండా అడుగెట్టనేదు వదినా. నా కోడలు కూడా మీ కొండపిల్లే. ఆ పొయ్యిమీదే మా తవిటిగాడు పెరిగినాడు. మన్ను నేకుండా పిల్లని పంపుతానంటే నాను తీసుకుపోను. ఇంకో ముహూర్తం సూసుకుందాం."

"నాను పంపనంటానా? ఆ గేటు పంపనంటంది," అన్నాను.

"గేటుకి మాటలొచ్చేటి? మీ చిన్నప్పడు ఉన్నాడు కదా?"

"ఆడు కాకీ సొక్కా ఏసుకున్నాడు వదినా. ఇప్పుడు ఆడికి మనం ఏటీ కాం."

తవిటినాయుడు పెళ్ళి తప్పిపోతుందేమోనని తనే వచ్చి కొండ మీద కాపురం పెడతానన్నాడట. వరాలమ్మ వదిన అది చెప్పి, ఆ మాటకి వాడి తల్లి అన్నం మానేసిందనీ, మళ్ళీ అలాంటి మాట అంటే తనూ మానేస్తాననీ చెప్పింది. చెప్పి, మేము పెట్టిన చిక్కుడుగింజల కూరతో కడుపునిండా తిని, కొండ దిగింది.

వైశాఖం దగ్గరపడుతోంది. మేము చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముత్తైదువలం ఆలోచన చేసి గౌరి పాదాలకి పసుపు బదులు పసుపుమన్ను దట్టంగా రాసి, పెళ్ళికూతురు కాళ్ళకి పసుపుంటే ఎవరేమంటారులే అని గేటు దగ్గరకి తీసుకెళ్ళాం. చిన్నప్పడు దాన్ని చూశాడు. మాకేసి చూశాడు. వాడికి అంతా తెలుసు, వాడి అక్క పెళ్ళికుండకి వాడే మన్ను తవ్విపెట్టాడు ఒకప్పుడు. ఆఫీసు కిటికీలోంచి విద్యాధర్ గారు చూస్తున్నారు.

"పెద్దమ్మా," అన్నాడు చిన్నప్పడు, గొంతు తగ్గించి. "మేనకోడలి కాళ్ళు నాను కడిగేది పెళ్ళి పీట మీద. ఇక్కడ బ్రష్షెట్టి తోమమంటావేటి? ఎనక్కి ఎల్లిపోండి."

మేము వెనక్కి వచ్చేశాం. వాడు ఆ పూట అన్నం తినలేదని తరవాత తెలిసింది.

ఆ వారమే పెద్ద వాన కురిసింది. వాన కురిస్తే మా కొండ ఊరుకుంటుందా, అన్ని వైపుల నుంచీ ఎర్రనీళ్ళు, పచ్చనీళ్ళు జారి గెడ్డలోకి దూకాయి. విద్యాధర్ గారు గొడుగు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఆ నీళ్ళకేసి చూశారు. అనుమతి లేకుండా అంత జాతి సంపద ఆయన కళ్ళ ముందే సరిహద్దు దాటిపోతోంది. ఈల ఊదమన్నారు. చిన్నప్పడు ఊదాడు. గెడ్డ ఆగలేదు. మర్నాడు ఇసక బస్తాలు తెప్పించి అడ్డు వేశారు. నీళ్ళు బస్తాల పక్కనుంచి పోయాయి. అక్కడా వేశారు. చివరికి ఆ బస్తాల ఇసక కూడా ఎర్రబడిపోయి, అదీ జాతి సంపదై కూర్చుంది, తీసేయడానికి లేదు. ఆ మీదట గాలి మీద సమావేశం పెట్టారు. గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో, దానికి ఎవరు బాధ్యులో తేలలేదు. వాయిదా వేశారు.

కింద నీలాటివలసలో ఆ గెడ్డ నీళ్ళు పొర్లి గట్టంతా మా ఎర్రమన్ను పరిచిపోయాయట. వరాలమ్మ వదిన నవ్వుతూ కబురు పెట్టింది, పెళ్ళికూతురు రాకముందే మన్ను వచ్చేసిందని, దానితోనే పొయ్యి వేసుకోమని. గౌరి ఒప్పుకోలేదు. "గెడ్డ తెచ్చిన మన్నుతో పొయ్యేస్తే గెడ్డకే పెళ్ళి చెయ్యండి," అంది.

ఇక డ్రమ్ముల సంగతి. కాళ్ళు కడిగిన నీళ్ళలో మన్ను ఉంటుంది కదా, ఆ నీళ్ళు పారబోయడానికి లేదు. గేటు పక్కన డ్రమ్ముల్లో పోసేవారు. ఎండబెట్టి ఏ రంగు ఆ రంగు గుంతలో తిరిగి పోయాలని నిబంధన. పోద్దామని చూస్తే డ్రమ్ముల అడుగున రంగులన్నీ కలిసిపోయి, తడిసిన బెల్లం అడుగు మాడినట్టు ఒకటే గోధుమ ముద్ద. విద్యాధర్ గారు రంగుల అట్ట పట్టుకొచ్చి ప్రతి గడి పక్కనా ఆ ముద్ద పెట్టి చూశారు. ఏ గడికీ కుదరలేదు. పైనుంచి ఒక సంఘం వచ్చింది. వాళ్ళూ అట్ట పెట్టి చూశారు. వెలుతురు చాలలేదేమోనని ఎండలోకి తెచ్చి చూశారు. సంఘంలో పెద్దాయన మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు: ఇది గుర్తింపు పొందిన వర్ణం కాదు. గుర్తింపు లేని పదార్థం కొండ మీద ఉంటే గుర్తింపు ఉన్నవాటి స్వచ్ఛత పాడవుతుంది. కాబట్టి ఇటువంటి అనిర్దిష్టవర్ణ పదార్థం ఎక్కడ కనిపించినా తక్షణం కొండ దింపి, అధికారి సమక్షంలో కాల్చివేయవలెను.

ఆ మాట దండోరా వేయించారు. మేము విన్నాం. విని మా పని మేము చూసుకున్నాం. మండలివారి మాటలు వింటూ కూర్చుంటే పొద్దు చాలేది కాదు.

ముహూర్తం వారంలోకి వచ్చింది. గౌరి ఒకనాడు పొద్దున్నే లేచి కొత్త కుండ కడిగింది. నేనడిగితే, మన్ను తొక్కుతానంది. తీసుకెళ్ళనివ్వరు కదే అంటే, "తొక్కొద్దన్నారేటి? తొక్కి ఆ బాబు ముందర ఎట్టి ఆకరిసారి అడుగుతాను. కాదంటే నా ముందరే ఒలకబొయ్యమను," అంది.

పొయ్యికి మన్ను ఎలా తొక్కుతారో చెప్తాను. ఒక్క రంగుతో పొయ్యి నిలవదు. ఒట్టి జేగురయితే సెగకి బీటలిస్తుంది. ఒట్టి సుద్దయితే రాలిపోతుంది. చరియలో ఉన్న రంగులన్నిట్లోంచీ తలో పిడికెడూ తీసి, గడ్డి తరిగి వేసి, పేడ కలిపి, నీళ్ళు చిలకరించుకుంటూ మడమతో తొక్కాలి. గౌరి పొద్దున మొదలుపెట్టి ఎండ నెత్తికెక్కేదాకా తొక్కింది. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి పాటెత్తుకున్నారు, అప్పగింతల ఏడుపు పాటే గానీ పెళ్ళి ఉందో లేదో తెలియక సగం గొంతుతో పాడారు. ముద్ద జిగటపడి, కాలికి అంటుకోకుండా జారిపోయేదాకా వచ్చాక కుండలో అదిమి నింపింది. దాన్ని చంకనెత్తుకుని నడిచింది. నేను వెనకాలే నడిచాను, దానితో పాటు వీధి వీధంతా నడిచింది.

గేటు దగ్గర విద్యాధర్ గారు కుర్చీలో ఉన్నారు. గౌరి కుండ తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. దాని మొహం చూస్తే ఆయన కాదన్న మరుక్షణం కుండ అక్కడే పగలగొట్టి, తవిటినాయుడికి వేరే పిల్లని చూసుకోమని కబురు పెట్టేలా ఉంది.

"ఇది మా కొండ మన్ను బాబూ," అంది. "నా చేతుల్తో తీసి, నా కాళ్ళతో తొక్కినాను. పట్టుకెల్లనిస్తే నాకు పెళ్ళి. నేకపోతే నేదు."

విద్యాధర్ గారు కళ్ళజోడు సర్దుకుని కుండలోకి చూశారు. చూసి అట్ట తెప్పించారు. చిటికెడు తీసి అరుణ గడి పక్కన పెట్టారు. పసుపు గడి పక్కన పెట్టారు. నేరేడు గడి, తెలుపు గడి, గులాబీ గడి. ఆయన మొహం గంభీరమైపోయింది.

"ఇది ఈ కొండ మన్ను కాదమ్మా," అన్నారు.

గౌరికి కోపం వచ్చింది. "కాదేటి బాబూ? పొద్దున్నే తవ్వినాను. అదిగో ఆ చరియలోదే."

"కాదు. ఈ కొండ మీద ఇటువంటి వర్ణం లేదు. ఉన్నట్టు మా దగ్గర ఆధారం లేదు."

"మా ముత్తవ్వల కాణ్ణించీ ఈ మన్నే..."

నేను దాని నడుం మీద గట్టిగా గిల్లాను. అది నాకేసి తిరిగింది. ఇంకోసారి గిల్లాను. చిన్నప్పడు తల పక్కకి తిప్పుకుని ఈలని నోట్లో పెట్టుకున్నాడు, నవ్వు బయటికి రాకుండా.

"ఇది అనిర్దిష్టవర్ణ పదార్థం," అన్నారు విద్యాధర్ గారు లేచి నిలబడి. "ఇది ఒక్క క్షణం కూడా ఇక్కడ ఉండటానికి వీల్లేదు. ఎవరు తెచ్చారో వారే కొండ దింపాలి. ఎప్పుడు దింపుతారు?"

"వారంలో పెళ్ళుంది బాబూ, ఆ రోజు..." అన్నాను నేను.

"అంతవరకూ మీ ఇంట్లో మూత పెట్టి, ఇతర మన్నులకు దూరంగా ఉంచండి. ఆలస్యం చేస్తే చర్య తీసుకోవలసి ఉంటుంది. దింపడానికి మండలి జీపు పంపుతాను. సమక్షంలో కాల్చాలి కనక నేనూ వస్తాను."

అలా మా గౌరీశ్వరి పెళ్ళికి మండలివారు జీపు ఇచ్చారు. ఊరేగింపు ముందు ఎర్రదీపం వెలుగుతూ జీపు, జీపులో ముందు సీట్లో విద్యాధర్ గారు, వెనక సీట్లో కుండ ఒళ్ళో పెట్టుకుని పెళ్ళికూతురు, ఆ వెనక ట్రాక్టరు మీద మేమందరం. గేటు దగ్గర చిన్నప్పడు మా కాళ్ళన్నీ కడిగాడు. గౌరి కాళ్ళు మాత్రం బ్రష్షు పక్కన పడేసి, ఇత్తడి పళ్ళెం తెప్పించి కడిగాడు. కడిగి, ఖాకీ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఒక్క పళ్ళెం నీళ్ళూ డ్రమ్ములో పోయలేదు. విద్యాధర్ గారు చూసి కూడా కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. అందుకే చెప్పాను మంచివాడని.

నీలాటివలసలో వరాలమ్మ వదిన గుమ్మంలో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది. జీపునీ, దీపాన్నీ, దిగుతున్న అధికారినీ చూసి, ఇంత గౌరవంగా వచ్చిన మన్ను తమ వంశంలో లేదని అందరికీ వినబడేలా చెప్పింది. పీటల మీద పెళ్ళి అయింది. మర్నాడు పెరట్లో గౌరి చీర ఎగ్గట్టి కూర్చుని పొయ్యి వేసింది. విద్యాధర్ గారు ఆ రాత్రికి అక్కడే ఉండిపోయి, తెల్లారి కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చున్నారు. పదార్థాన్ని కాల్చడానికి ముందు ఈ ఆకారంలో పెడుతున్నారేమని అడిగారు.

"సెగ అన్ని పక్కలా సమంగా తగలాలి కద బాబూ," అంది వరాలమ్మ వదిన. ఆయన తల ఊపారు.

ఎండలో పొయ్యి ఆరింది. గౌరి చింతకట్టెలు పెట్టి అగ్గిపుల్ల గీసింది. మంట అంటుకుంది. దాని మీద పాలగిన్నె పెట్టింది. గిన్నె ఎందుకని ఆయన అడుగుతారని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను గానీ ఆయన అడగలేదు. వంగి మంటనే చూస్తున్నారు. పాలు పొంగాయి. గిన్నె అంచు దాటి, కొత్త పొయ్యి మీద చారగా దిగి చుయ్యిమన్నాయి. ఆడవాళ్ళందరం కూతలేశాం. వరాలమ్మ వదిన లేచి, పీట తీసి గోడకి ఆనించేసి, గరిట తెచ్చి గౌరి చేతికిచ్చింది. తవిటినాయుడు నల్లటి చేతులతో మొహం తుడుచుకుని మొహమంతా మసి చేసుకున్నాడు.

గౌరి ఆ పాలలో బియ్యం, బెల్లం వేసి పరమాన్నం వండింది. దాని ఇంట్లో దాని మొదటి వంట. మొదటి విస్తరి విద్యాధర్ గారికి వేసింది. ఆయన తింటూ తింటూ పొయ్యికేసి చూశారు. మంట ఇంకా ఉంది, పొయ్యి ఇంకా ఉంది, ఎర్రగా గట్టిపడి ఇందాకటికంటే బలంగా ఉంది. ఆయన చెయ్యి ఆగింది.

"పదార్థం పూర్తిగా కాలిపోవడానికి ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అన్నారు.

గౌరి గరిట పక్కన పెట్టి కొంగుతో చెమట తుడుచుకుంది. "పూటకింత కాలుత్తంది బాబూ. నాకు కూతురు పుట్టి, పెరిగి, దానికి పెళ్ళయ్యేదాకా పడుతుంది."

ఆయన ఎడమచేత్తో కళ్ళజోడు సర్దుకున్నారు. "అంటే ఇది దీర్ఘకాలిక కార్యక్రమం," అన్నారు. "ఏడాదికోసారి వచ్చి స్వయంగా తనిఖీ చేయాలి."

"సంక్రాంతికి వద్దు బాబూ, ఇల్లు కిటకిటలాడిపోద్ది," అంది వరాలమ్మ వదిన. "కొత్త బెల్లం వొచ్చినాక రండి."

విద్యాధర్ గారు అలాగేనని, పరమాన్నం కోసం విస్తరి ముందుకు జరిపారు.